రెండో వంట లేకుండా బరువు తగ్గడం: పిల్లలున్న ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి

ఉదయం ఎనిమిదింటికి స్కూలు వ్యాను వీధి చివర హారను కొట్టేలోగా ఇద్దరు పిల్లలకు టిఫిను పెట్టి, క్యారియర్లు సర్ది, తామూ ఉద్యోగానికి బయలుదేరవలసిన తల్లిదండ్రులకు, బరువు తగ్గడం గురించి వినిపించే సలహాలలో చాలావరకు ఆచరణకు లొంగవు. ఆ సలహాలన్నీ ఏదో ఒక రూపంలో రెండో వంటను కోరతాయి. పిల్లలకూ పెద్దవాళ్లకూ మామూలు అన్నం, కూర, పులుసు ఉండాలి. మీకు మాత్రం వేరుగా ఓట్స్, ఉడికించిన కూరముక్కలు, డబ్బాల్లో అమ్మే పొడులు కావాలి. రెండో బిడ్డ పుట్టిన మూడేళ్లకు నేను కూడా అలాగే మొదలుపెట్టాను. మా ఇల్లు నెల్లూరులో, ఉద్యోగం కావలిలో. పొద్దున్నే రైలు అందుకోవడానికి ముందు రెండు రకాల వంట చేయడం మూడు వారాలకు మించి సాగలేదు, తగ్గిన రెండు కిలోలూ నెల తిరిగేలోగా మళ్లీ వచ్చాయి.

తర్వాత నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. దీనిలో ఇంటికంతటికీ వంట ఒక్కటే ఉంటుంది. ఆ వంటలో పడే నూనె, మీ కంచంలో పడే అన్నం, మీరు తినే వేళ, ఈ మూడింటినీ మార్చుకుంటూ పోతారు.

మొదలుపెట్టే ముందు

దర్జీ టేపు తీసుకుని, ఉదయం ఏమీ తినకముందు, ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత, బొడ్డు ఎత్తులో నడుము కొలుచుకోండి. ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు హద్దు మీరిందని అర్థం. బరువును కిలోల్లో రాసుకుని, ఎత్తును మీటర్లలోకి మార్చి, ఆ ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యనే బీఎంఐ అంటారు. మన దేశంలో అది 23 చేరితే అధిక బరువుగానూ, 25 చేరితే స్థూలకాయంగానూ వైద్యులు లెక్కిస్తున్నారు. ఒకే బరువు దగ్గర మన శరీరాల్లో, ముఖ్యంగా పొట్టలో, కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుంది కనుక ఈ హద్దులను పాశ్చాత్యుల హద్దులకన్నా తక్కువగా పెట్టారు. ఉదాహరణకు 155 సెంటీమీటర్ల ఎత్తున్న తల్లి 68 కిలోలు ఉంటే ఆమె బీఎంఐ 28 దాటుతుంది.

ఆమె వెంటనే 55 కిలోలకు దిగాలని లక్ష్యం పెట్టుకోవడం సరి కాదు. ఉన్న బరువులో నూటికి 5 వంతులు, అంటే సుమారు మూడున్నర కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర, రక్తంలోని కొవ్వు మెరుగుపడతాయి. వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమం. ఆ వేగంతో ఇది రెండు నెలల పని.

వైద్యుని దగ్గరకు ఒకసారి వెళ్లి రక్తపోటు, పరగడుపు చక్కెర, థైరాయిడ్ చూపించుకోండి. ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు తమంతట తాము అన్నం తగ్గించకూడదు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు. పాలిచ్చే తల్లులకు సాధారణంగా కంటే ఎక్కువ ఆహారం అవసరం కనుక, వారు వైద్యుని అడగకుండా తిండి తగ్గించరాదు. ఈ మాటను ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. కాన్పు అయిన రెండు మూడు నెలలకే చుట్టాలు ఒళ్లు గురించి మాట్లాడితే నొచ్చుకుని, రాత్రి భోజనం మానేసిన తల్లులను నేను చూశాను.

మొదటి వారం ఏదీ మార్చకండి, లెక్కించండి

మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె ఖర్చవుతుందో, ఎన్ని కిలోల బియ్యం అయిపోతాయో చెప్పగలరా? తినే ప్రతి ముద్దనూ రాసుకోవడం పిల్లలున్నవారికి సాధ్యం కాదు. కిరాణా చీటీ చూడటం మాత్రం అందరికీ సాధ్యమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల ఆహారంలో రోజుకు 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు లేదా మాంసం, 300 మిల్లీలీటర్ల పాలు, 35 గ్రాముల పల్లీలు, నువ్వుల వంటి గింజలు, 27 గ్రాముల నూనె ఉండాలి. ఇప్పుడు మీ చీటీని దీని పక్కన పెట్టి చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయిపోతోందనుకుందాం. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది కనుక, ఒక్కొక్కరికి రోజుకు 38 గ్రాములు పడుతున్నట్టు. ఇందులో నెయ్యి, బయట తిన్న బజ్జీల నూనె కలవలేదు. అలాగే నెలకు 25 కిలోల బియ్యం వండుతుంటే రోజుకు 830 గ్రాములు. చిన్న పిల్లలిద్దరూ కలిసి 250 గ్రాముల బియ్యపు అన్నం తిన్నా, పెద్దవాళ్లిద్దరికీ చెరి 290 గ్రాములు మిగులుతున్నాయి. ఇడ్లీ, దోశల పిండిలో పడే బియ్యం దీనికి అదనం. చాలా ఇళ్లలో లెక్క ఇలాగే తేలుతుంది, కూరగాయల సంచి మాత్రం 400 గ్రాముల లెక్కకు చాలా దూరంలో ఆగిపోతుంది.

ఆ వారంలోనే మరో రెండు విషయాలు గమనించండి. రోజుకు ఎన్ని టీలు తాగుతున్నారు, ఒక్కో టీలో ఎన్ని చెంచాల పంచదార వేస్తున్నారు? పిల్లలు వదిలేసినవి ఎన్నిసార్లు మీ నోట్లోకి వెళ్తున్నాయి?

నూనె: సీసా పక్కన చెంచా

నెల మొదటి రోజున 3 లీటర్ల నూనె మాత్రమే తెచ్చి, అంతకు మించి ఆ నెలలో కొనకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. నలుగురికి 3 లీటర్లంటే మనిషికి రోజుకు సుమారు 23 గ్రాములు. 5 లీటర్ల నుంచి 3కు దిగితే, మనిషికి రోజుకు 15 గ్రాముల నూనె, అంటే దాదాపు 135 కేలరీలు తగ్గుతాయి. నూనె సీసాను వంచి పోసే అలవాటు మానేసి, 5 మిల్లీలీటర్ల చెంచాను సీసా పక్కనే కట్టి ఉంచండి. తాలింపుకు ఒకటిన్నర చెంచా చాలు. దొండకాయ, బెండకాయ వేపుళ్లు మానవలసిన పని లేదు. ముక్కలను ముందు మూతపెట్టి సన్నటి సెగ మీద మగ్గనిచ్చి, చివర రెండు చెంచాల నూనెతో వేయిస్తే రుచి నిలుస్తుంది. వేపుడు వారానికి రెండు రోజులు, మిగిలిన రోజులు పప్పుకూర, పులుసుకూర, పాలు పోసిన సొరకాయ, పెసరపప్పు వేసిన బీరకాయ అని రోజులు పంచుకోండి.

నెల్లూరు చేపల పులుసు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ఎవరు బరువు తగ్గడం మొదలుపెట్టినా మొదట మానేసేది దాన్నే, మొదట నష్టపోయేదీ అక్కడే. శీలావతి, బొచ్చె, కొరమీను, వంజరం, ఏ చేపైనా సరే, మంచి మాంసకృత్తులున్న తిండి. 100 గ్రాముల శీలావతిలో 17 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు చాలా తక్కువ. బరువు పెంచేవి పులుసు మీద వేలెడు మందాన తేలే నూనె, ఆ పులుసు కోసం కలుపుకునే రెండు గరిటెల అదనపు అన్నం. నూనె తేలితేనే పులుసు మరునాటికి నిలవ ఉంటుందని మా పెద్దవాళ్లు అనేవారు. ఫ్రిజ్ లేని రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేదేమో గానీ, ఇప్పుడు ఆ అవసరం లేదు. కిలో చేపకు ఆరు చెంచాల నూనె చాలు. చింతపండు పులుపు, పుల్ల మామిడి ముక్కలు, వేయించి దంచిన మెంతులు, ధనియాల పొడి, ఇవే ఆ పులుసుకు రుచినిస్తాయి. చేపను నూనెలో ముంచి వేయించే అలవాటును మాత్రం నెలకు ఒకసారికి తగ్గించి, మిగిలిన రోజుల్లో అట్లపెనం మీద ఒక చెంచా నూనెతో కాల్చండి.

అన్నం: ఐదు వడ్డనలు, ఒకే కొలత

మన భోజనంలో అన్నం ఎక్కువ కావడానికి కారణం ఆకలి కాదనీ, వడ్డించే క్రమమేననీ నా అభిప్రాయం. పచ్చడి ముద్దతో మొదలుపెట్టి పప్పన్నం, కూరన్నం, పులుసన్నం లేదా చారన్నం, చివరికి పెరుగన్నం అని తింటాం. ప్రతి వంటకానికీ కొత్తగా అన్నం పెట్టుకుంటాం. వంటకాలు ఎంత ఎక్కువైతే అన్నం అంత పెరుగుతుంది, కూర మాత్రం అన్నానికి రంగు అద్దినంతే ఉంటుంది. పెరుగన్నం తినకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు కనుక కడుపు నిండిన తర్వాత కూడా ఒక గరిటె పడుతుంది.

దీన్ని సరిచేయడానికి ఒక్కసారి వంటింటి తూకంతో గానీ, తెలిసిన కొట్లోని కాటాతో గానీ మీ అన్నం గరిటెకు ఎంత అన్నం వస్తుందో తూచండి. 100 గ్రాముల అన్నంలో దాదాపు 130 కేలరీలు ఉంటాయి. మధ్యాహ్నం 200 గ్రాములు, రాత్రి 150 గ్రాములు చొప్పున ఒకేసారి కంచంలో పెట్టుకుని, ఆ కుప్పనే మూడు భాగాలు చేసుకోండి. తర్వాత గిన్నెను బల్ల మీద ఉంచకుండా పొయ్యి గట్టు మీదే వదిలేయండి. చారును గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగును చిన్న గిన్నెలో అన్నం లేకుండా తినండి, లేదా నీళ్లు ఎక్కువ పోసి చిలికిన మజ్జిగగా తాగండి. కంచంలో సగం భాగం కూరలకే కేటాయించండి. ఒకటి ఆకుకూర కావాలి, తోటకూర గానీ, పాలకూర గానీ, పొన్నగంటి గానీ. మొదటి నాలుగు ముద్దలూ కూర, పప్పు మాత్రమే తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే, మిగిలిన అన్నం తక్కువ అనిపించదు.

ఆఫీసుకు క్యారియరు తీసుకువెళ్లేవారికి ఇంకా సులువైన దారి ఉంది. క్యారియరులో పెద్ద గిన్నెలో అన్నం, చిన్న గిన్నెల్లో కూర, పెరుగు సర్దుతాం కదా. ఆ గిన్నెలను తారుమారు చేయండి. చిన్న గిన్నెలో అన్నం, పెద్ద గిన్నెలో కూర సర్దితే, మధ్యాహ్నం ఎంత తినాలన్న ఆలోచనే మీకు ఉండదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ సాయపడిన మార్పు ఇదే.

కొర్రలు, సజ్జలు, వరిగల గురించి అడిగేవారు చాలామంది ఉంటారు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతాల్లో ఇవి పాత తిండే, కనిగిరి, మార్కాపురం వైపు పెద్దవాళ్లకు వీటి వంట బాగా తెలుసు. ఇవి మంచివే, పీచు ఎక్కువ కనుక కడుపు తొందరగా నిండుతుంది, రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది. అయితే 100 గ్రాముల కొర్రల్లోనూ బియ్యంతో దాదాపు సమానమైన కేలరీలు ఉంటాయి. కొర్రన్నం కనుక ఎంతైనా తినవచ్చని అనుకుంటే బరువు తగ్గదు. పిల్లలు ఇష్టపడితే వారానికి రెండు రోజులు ఇంటిల్లిపాదికీ కొర్రన్నమో, రాగి సంగటో వండండి. ఇష్టపడకపోతే బియ్యాన్నే కొలత ప్రకారం తినండి. వాటి కోసం మళ్లీ రెండో గిన్నె పొయ్యి మీదకు ఎక్కించవద్దు.

పిల్లల కంచంలో మిగిలినవి

సగం ఇడ్లీ, రెండు ముద్దల పెరుగన్నం, గ్లాసు అడుగున మిగిలిన తీపి పాలు, కొరికి వదిలేసిన రెండు క్రీము బిస్కెట్లు. పారేయడానికి మనసొప్పక ఇవన్నీ తల్లి నోట్లోకే వెళ్తాయి. ఇప్పుడు తండ్రుల నోట్లోకి కూడా. ఇలా తిన్నవి ఎవరి లెక్కలోనూ పడవు, కానీ రోజు మొత్తానికి 200 కేలరీల దాకా చేరతాయి. అన్నాన్ని పారేయకూడదన్న సంస్కారం మంచిది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. వడ్డించేటప్పుడే సగం వడ్డించండి, అడిగితే మళ్లీ పెట్టండి. మొదటి వారం పిల్లలు విస్తుపోతారు గానీ, తర్వాత తమకు ఎంత కావాలో తామే చెప్పడం నేర్చుకుంటారు. ఇంట్లో నాయనమ్మో జేజో ఉంటే, "ఇంకొక్క ముద్ద" అని బిడ్డ వెంట తిరిగే అలవాటును వారి మనసు నొప్పించకుండా మాన్పించాలి. "అత్తయ్యా, వాడే అడుగుతాడు, అప్పుడు మీ చేత్తోనే పెట్టండి" అని చెబితే వినని అత్తగారు అరుదు.

అసలు మిగిలినవి తినడానికి కారణం ఆదా చేయాలన్న ఆలోచన మాత్రమే కాదు. ఏడున్నరకు పిల్లలకు తినిపించేటప్పుడు మీకూ ఆకలిగానే ఉంటుంది. మీ భోజనం తొమ్మిదిన్నరకు, ఫోను చూస్తూ సాగుతుంది. ఆ రెండు గంటల్లో ముద్దలు ముద్దలుగా ఒక భోజనం, తొమ్మిదిన్నరకు మరో భోజనం అవుతున్నాయి. కాబట్టి ఏడున్నరకే పిల్లలతో కలిసి కూర్చుని మీ కంచంలో మీరు తినండి. ఇంటికి ఆలస్యంగా వచ్చే భాగస్వామి కోసం ఎదురుచూస్తూ తినకుండా ఉండటం ప్రేమే, కానీ ఆయనో ఆమో తినేటప్పుడు పక్కన మజ్జిగ గ్లాసుతో కూర్చున్నా ఆ ప్రేమకు లోటు రాదు.

టీ, సాయంత్రపు చిరుతిండి

మూడు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార వేసుకుంటే రోజుకు 30 గ్రాములు. పైనుంచి చేర్చుకునే పంచదార రోజు మొత్తానికి 25 గ్రాములు మించరాదన్న హద్దును టీ ఒక్కటే దాటించేస్తుంది. ఒక్కసారిగా మానవద్దు, వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ మూడు వారాల్లో అర చెంచాకు రండి. నాలుక దానికి అలవాటు పడుతుంది. దీనివల్ల 90 కేలరీలు తగ్గుతాయి.

సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వస్తూ దారిలో పునుగులో, మిరపకాయ బజ్జీలో కొనేవారు, ఒంటిగంట భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఏమీ తినకపోవడం వల్లనే కొంటున్నారు. నాలుగున్నరకే గుప్పెడు గుగ్గిళ్లు తినేలా సర్దుకుంటే ఆ బండి దగ్గర కాలు ఆగదు. ఒంగోలు చుట్టుపక్కల పండే శనగలు మనకు కొత్తవి కావు. రాత్రి నానబెట్టి, ఉదయం అన్నంతోపాటే కుక్కరులో పై గిన్నెలో ఉడికించి, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర వేసి, గూడూరు నిమ్మకాయ పిండితే పిల్లల స్కూలు డబ్బాకూ, మీ ఆఫీసు డబ్బాకూ ఒకే చిరుతిండి సిద్ధమవుతుంది. అలసందలు, పెసలు కూడా అలాగే చేయవచ్చు.

ఇప్పుడు కూడి చూడండి. నూనెలో 135, అన్నంలో కనీసం ఒక గరిటె, అంటే 100 గ్రాములు తగ్గినందుకు 130, పిల్లల కంచంలో మిగిలినవి మానినందుకు 200, టీలో 90. మొత్తం దాదాపు 550 కేలరీలు. రోజుకు 500 కేలరీలు తగ్గితే వారానికి అర కిలోకు దగ్గరగా బరువు తగ్గుతుంది. ఇందుకోసం మీరు వేరే వంట చేయలేదు, ఒక పూట మానలేదు, ఏ పొడీ కొనలేదు.

మాంసకృత్తులు తగ్గనివ్వకండి

తిండి తగ్గించినప్పుడు మాంసకృత్తులు కూడా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, నీరసం వస్తుంది, ఆకలి మళ్లీ పైకి లేస్తుంది. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అవసరం. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 8, గిన్నెడు గట్టి పప్పులో 6 లేదా 7 గ్రాములు వస్తాయి. ఉదయం ఉత్త ఇడ్లీలకు బదులు వారానికి మూడు రోజులు పెసరట్టు వేయండి. ఇడ్లీ తినే రోజు ఒక గుడ్డు చేర్చండి, శాకాహారులైతే గ్లాసు పాలు చేర్చండి. ఆదివారం ఎర్ర కారం పూసి నెయ్యి వేసిన దోశ ఇంటిల్లిపాదీ తింటే తినండి, రెండు కాకుండా ఒకటి.

ఆదివారం సాయంత్రం ఒక గంట

వారం మధ్యలో అలసిపోయిన రోజునే బయటి తిండి ఇంట్లోకి వస్తుంది. దానికి ముందే సిద్ధంగా ఉండాలంటే ఆదివారం సాయంత్రం గంట సమయం కేటాయించండి. ఇడ్లీ పిండి రుబ్బండి. బీన్సు, క్యారెట్టు, గోరుచిక్కుడు వంటివి కడిగి ఆరబెట్టి తరిగి డబ్బాల్లో సర్దండి. ఆకుకూరలను కడగకుండా ఏరి గుడ్డలో చుట్టి పెట్టండి. పిల్లలు చిక్కుళ్లు ఒలవగలరు, కరివేపాకు దూయగలరు; తాము ఒలిచిన కూరను తినడానికి వారు అంతగా పేచీ పెట్టరు. అన్నం, పప్పు, కూరముక్కలు మూడు గిన్నెల్లో ఒకే కుక్కరులో ఉడికితే, వచ్చిన అరగంటలో వంట ముగుస్తుంది.

నడక

అరగంట వేగంగా నడిస్తే 120 నుంచి 150 కేలరీలు ఖర్చవుతాయి. కొన్ని పునుగులు తింటే అవి తిరిగి వచ్చేస్తాయి, కాబట్టి నడక మీదే ఆధారపడి తిండిని వదిలేయవద్దు. అయితే తగ్గిన బరువు తిరిగి రాకుండా నిలబెట్టేది, చక్కెరను అదుపులో ఉంచేది, రాత్రి నిద్ర పట్టించేది నడకే. వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలి. వాటిని పది పది నిమిషాలుగా పంచుకోవచ్చు: మధ్యాహ్న భోజనం తర్వాత ఆఫీసు వరండాలో పది నిమిషాలు, రాత్రి భోజనం తర్వాత పిల్లల చేయి పట్టుకుని వీధిలో పది నిమిషాలు. పార్కులో పిల్లలు ఆడుకునేంతసేపు బెంచీ మీద కూర్చోకుండా దాని చుట్టూ నడవండి. మే నెలలో మన ఎండలు తెలిసినవే, ఉదయం ఆరుగంటలకు ముందే నడక ముగించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే మేడ మెట్లు ఎక్కి దిగండి. వారానికి రెండు రోజులు, కుర్చీలో కూర్చుని లేవడం పదిహేను సార్లు, గోడకు చేతులానించి ఒంటిని ముందుకు వెనక్కు కదపడం పదిహేను సార్లు చేస్తే కండ నిలుస్తుంది.

నిద్ర ఏడు గంటలు ఉండాలి. పిల్లలు పడుకున్న తర్వాత దొరికే ఆ గంటన్నర ఎంత విలువైనదో నాకు తెలుసు. అయినా నిద్ర తక్కువైన మరునాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీద మనసు పోతుంది.

పిల్లల ముందు మాటలు

మీరు తగ్గాలనుకుంటున్న బరువు మీది. ఎదిగే పిల్లలకు అన్నం, పాలు, పప్పులో నెయ్యి అవసరం. రెండేళ్ల లోపు బిడ్డకైతే కొవ్వు తగ్గించనే కూడదు. నూనె తగ్గిన కూరలు పెద్ద పిల్లలకూ మంచివే, కానీ వారి ముద్ద కొలవకండి. "నేను లావైపోయాను, అందుకే తినను" అనే మాట వారు వినకూడదు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల ఆ మాటను తన గురించి కూడా వింటుంది. అడిగితే "నాకు ఇంత చాలమ్మా" అని చెప్పండి.

పెళ్లి బంతిలో కూర్చున్నప్పుడు మలై కాజా ఒకటి తినండి, రెండోది వద్దనండి. సంక్రాంతి అరిసెలు మూడు రోజులు తింటే మునిగిపోయేదేమీ లేదు. డబ్బా నిండా మిగిలి ఫిబ్రవరి దాకా తింటేనే నష్టం. సగం పంచి పెట్టండి.

తూకం ఆగినప్పుడు

వారానికి ఒకే రోజు, ఉదయం, ఒకే తూకం మీద చూసుకోండి. రోజూ చూస్తే ఉప్పు, నీరు, ఆడవారికి నెలసరి వల్ల కిలో అటూ ఇటూ కదిలి మనసు చెడుతుంది. నడుము కొలత నెలకొకసారి చాలు. కొన్ని వారాలకో, నెలలకో తూకం చాలామందికి ఒకచోట ఆగుతుంది. శరీరం తేలికైన కొద్దీ దానికి అవసరమైన కేలరీలు తగ్గుతాయి, అదొక కారణం. రెండోది, ఈలోగా గరిటె మళ్లీ నిండుగా పడటం, నూనె చెంచా సీసా పక్క నుంచి ఎటో పోవడం. కాబట్టి ఆ వారం అన్నాన్ని మళ్లీ తూచండి, నెల కిరాణా చీటీలో నూనె ఎన్ని లీటర్లో మళ్లీ చూడండి. రెండూ సరిగ్గానే ఉంటే రాత్రి అన్నంలో 50 గ్రాములు తగ్గించి ఆ చోట కూర పెంచండి, నడకకు పది నిమిషాలు కలపండి. ఇలా సరిదిద్దిన తర్వాత కూడా మూడు నెలలపాటు తూకం, టేపు రెండూ కదలకపోతే, లేదా ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు వేగంగా పడిపోతుంటే, మొదటి రోజు రాసుకున్న కొలతల కాగితం తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్లండి.